పన్నెండో వంతు గడియారం: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఈ రోజంతా కొలతలకే సరిపోయింది. నేను రోజూ కూర్చునే బల్ల, దాని మీది లైటు, పక్కన టేబుల్ ఫ్యాను, ఎదురు గోడకు వేలాడే పాత లోలకం గడియారం. ఈ మూలనంతా పన్నెండో వంతుకు తగ్గించి ఒక పెట్టెలో కట్టాలి. షరతు ఒక్కటే, ఏదీ ఊరికే బొమ్మలా ఉండకూడదు. స్విచ్ వేస్తే లైటు వెలగాలి, ఫ్యాను తిరగాలి. గడియారం టైం చూపించాలి, దాని లోలకం ఊగాలి.

పన్నెండో వంతే ఎందుకంటే, సూక్ష్మ నమూనాలు చేసేవాళ్లు ఎక్కువగా వాడే స్కేలు 1:12. అడుగు కాస్తా అంగుళమవుతుంది కాబట్టి లెక్క నోటితోనే అయిపోతుంది. బ్రిటన్ రాణి మేరీ కోసం 1921–24 మధ్య ఎడ్విన్ లట్యెన్స్ ప్లాను గీసి కట్టించిన బొమ్మరిల్లు కూడా ఈ స్కేలుదే. ఇప్పుడు విండ్సర్ కోటలో ఉన్న ఆ ఇంట్లో కరెంటు దీపాలున్నాయి, కదిలే లిఫ్టులున్నాయి, కుళాయిలకు నీళ్ల గొట్టాలున్నాయి. నన్ను ఈ పనిలోకి లాగింది ఆ కుళాయే. గోరంత కుళాయి పెట్టి ఊరుకోకుండా, బయటికి కనిపించని గొట్టం కూడా వేయాలని పట్టుబట్టిన మనసంటే నాకు చాలా ఇష్టం.

కొలతలు ఇలా తేలాయి. బల్ల పొడవు 120 సెంటీమీటర్లు, అంటే నా లెక్కలో 10. లైటు ఎత్తు 35 మిల్లీమీటర్లు. ఫ్యాను రెక్కల చుట్టుకొలత కాదు, అడ్డకొలత 25 మిల్లీమీటర్లు. గడియారం పెట్టె 50, డయల్ 21, లోలకం 21 మిల్లీమీటర్లు.

రాసుకుంటుంటే తెలిసింది, ఏళ్లుగా ఎదురుగా ఉన్న వస్తువుల్ని నేను సరిగ్గా చూడనే లేదు. లైటు అడుగు బిళ్లకు వెనక వైపు చిన్న గాడి ఉంది, వైరు బల్లకు నొక్కుకుపోకుండా అందులోంచి బయటికొస్తుంది. ఫ్యాను జాలీ కమ్మీలు నేరుగా ఉన్నాయనుకున్నాను, అన్నీ ఒకే వైపుకు కొద్దిగా వంపు తిరిగి ఉన్నాయి. గడియారం తలుపుకు రెండు బందులు, ఒకదాని మేకు ఎప్పుడో మారింది, తల పెద్దది. ఆ పెద్ద తల మేకు కూడా చేయాలి.

3వ రోజు

బల్ల మొదలుపెట్టాను. అసలు బల్ల టేకుది కాబట్టి టేకు ముక్కే తీసుకున్నాను. కోసి, నున్న చేసి, కాళ్లు అతికించి, కాస్త దూరం నుంచి ఫోటో తీశాను. ఫోటోలో బల్ల మీద గుంటలు. టేకులో కంటికి కనీకనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. పావు మిల్లీమీటరు రంధ్రం ఈ స్కేలులో మూడు మిల్లీమీటర్ల గుంట. అసలు బల్ల ఏ చెక్కతో చేశారో అదే చెక్కతో చిన్న బల్ల చేస్తే అది అబద్ధంలా కనిపిస్తోంది.

పియర్ కలపతో మళ్లీ చేశాను. దాని నార చాలా సన్నం, రంధ్రాలు కనబడవు. పల్చటి రంగు పూసి, ఒక్క వెంట్రుక బ్రష్షుతో టేకు చారలు గీశాను. ఇప్పుడది టేకు బల్లలా ఉంది. పాలిష్ కూడా అంతే, సీసాలోంచి తీసి అలాగే పూస్తే బెల్లం పాకంలా గడ్డకట్టినట్టుంటుంది. సగానికి పైగా థిన్నర్ కలిపి, గుడ్డతో తుడిచినట్టు రాయాలి.

5వ రోజు

లైటు అయిపోయింది. దీని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 0603 సైజు ఎల్‌ఈడీ, అంటే 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 వెడల్పు. పసుపు ఛాయ ఉన్నది తీసుకున్నాను, తెల్లదైతే గది ఆసుపత్రిలా ఉంటుంది. అల్యూమినియం రేకును గుండ్రటి కడ్డీ మీద నొక్కి గొడుగు చేశాను. మొదట వెలుగు మరీ కొట్టొచ్చినట్టుంది, నీడల అంచులు కత్తిలా ఉన్నాయి. గొడుగు లోపల తెల్ల రంగు పూసి, ఎల్‌ఈడీ ముందు గరుకు చేసిన ప్లాస్టిక్ చుక్క అతికించి, కరెంటును తగ్గించే రెసిస్టరు పెంచాక సర్దుకుంది.

బ్యాటరీ మాత్రం బాధపెట్టింది. సీఆర్ 2032 బిళ్ల అడ్డకొలత 20 మిల్లీమీటర్లు. ఆ గదిలో ఉండే మనిషికి అది 24 సెంటీమీటర్ల పళ్లెమంత. అన్నీ తగ్గుతాయి, బ్యాటరీ ఒక్కటే తగ్గనంటుంది. పైగా ఆ బిళ్ల ఎల్‌ఈడీని మోస్తుంది గాని మోటారును మోయలేదు. అందుకే నేల కింద రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలి, ఫోన్ ఛార్జర్ 5 వోల్టులు అక్కడికి తెచ్చాను. వైర్లన్నీ ఆ కిందే.

6వ రోజు

సాయంత్రం అక్క వచ్చింది. పెట్టెలో తలపెట్టి చాలాసేపు చూసింది. లైటు వేసి ఆర్పింది, మళ్లీ వేసింది.

"ఒరేయ్, అంతా బానే ఉంది గాని ఆ వైరేంట్రా, ఇనప కడ్డీలా గాల్లో నిలబడింది?"

"అంతకంటే సన్న వైరు లేదక్కా. అర మిల్లీమీటరే అది."

"సన్నం సంగతి కాదు. బరువు లేనట్టుంది."

సరిగ్గా పట్టుకుంది. లైటు వైరు బల్ల అంచు దాటి కిందికి జారాలి, దాని బరువుకు అది వేలాడాలి. ఇది వేలాడట్లేదు. రాత్రి కూర్చుని లెక్క వేశాను. వైరును అన్ని వైపులా పన్నెండో వంతు చేస్తే, తన బరువుకు తను వంగే గుణం కూడా పన్నెండు రెట్లు తగ్గిపోతుంది. గుడ్డకూ అంతే, కాయితానికీ అంతే. చిన్న కిటికీకి తెర కుడితే అది అట్టముక్కలా నిలబడేది ఇందుకే. 1638లో గెలీలియో ఇదే సంగతిని అటువైపు నుంచి చెప్పాడు, జంతువు పెద్దదయ్యేకొద్దీ ఎముక దానికి మించి లావెక్కితే తప్ప బరువు ఆగదని. నేను దానికి ఇటు చివర కూర్చున్నాను. ఇక్కడ అన్నిటికీ అవసరానికి మించిన బలం.

7వ రోజు

వైరు తీసేశాను. జుట్టంత సన్నని ఎనామిల్ రాగి తీగలు రెండింటిని పేనితే మెత్తగా వచ్చింది. నల్ల రంగు పూసి, బల్ల అంచు దగ్గర ట్వీజర్‌తో వంచాను. రాగి మెత్తన కాబట్టి వంచినచోట అలాగే ఉంటుంది. కాని ఎంత వంచాలి? అసలు లైటు వైరును పక్కనే పెట్టుకుని చూశాను. అంచు దగ్గర వెంటనే కిందికి పడదు. ఒక వేలెడు దూరం బయటికి వచ్చి, అప్పుడు తిరుగుతుంది. నేలను తాకే చోట ఒక సోమరి మెలిక. ఆ రెండు వంపుల కోసం గంటన్నర పట్టింది. భూమి ఊరికే చేసిపెట్టే పనిని ఇక్కడ చేత్తో చేయాలి.

అక్కకు ఫోటో పంపాను. "ఇప్పుడు బరువుంది" అని జవాబొచ్చింది.

10వ రోజు

ఫ్యాను. ఆరు మిల్లీమీటర్ల కోర్‌లెస్ మోటారు, చిన్న డ్రోన్లలో ఉండే రకం. రెక్కలు పల్చటి ఇత్తడి రేకుతో కోసి, మధ్య బొట్టుకు టంకం వేశాను. జాలీకి సన్న తీగ, 36 కమ్మీలు, అన్నీ ఒకే వంపులో. వంపు సమానంగా రావడానికి చెక్కలో గాడి చెక్కి, అందులో ఒక్కొక్క తీగను నొక్కాను. ఈ పనికే రెండు సాయంత్రాలు పోయాయి, సంతోషంగానే పోయాయి.

మోటారుకు నేరుగా కరెంటు ఇస్తే దోమలా కూసింది, రెక్కలు మాయమయ్యాయి. అసలు ఫ్యాను నిమిషానికి 1,300 చుట్లు తిరుగుతుందనుకుందాం. దాని రెక్క కొస సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళ్తుంది, గాలి అందువల్లే వస్తుంది. చిన్న ఫ్యానును అదే 1,300 చుట్లు తిప్పితే కొస వేగం సెకనుకు 1.7 మీటర్లే. కంటికి ఫ్యానులా కనబడుతుంది, ముఖానికి గాలి తగలదు. అదే గాలి కావాలంటే 15,600 చుట్లు తిప్పాలి. అప్పుడు గాలి ఉంటుంది గాని ఫ్యాను ఉండదు, ఒక మెరుపు వృత్తం, ఒక కూత.

కన్నా, గాలా? రెండూ ఒకేసారి దక్కవు. నేను కంటి వైపే మొగ్గాను. వేగం తగ్గించడానికి మోటారుకు కరెంటును తునకలు తునకలుగా ఇచ్చాను. అయితే అంత తక్కువలో అది తనంతట తను బయల్దేరదు, లోపలి బ్రష్షుల ఒరిపిడి దాన్ని పట్టి ఉంచుతుంది. స్విచ్ వేసిన మొదటి క్షణం పూర్తి కరెంటు, ఆ వెంటనే తగ్గింపు. ఇప్పుడు బయల్దేరుతోంది. ఆపినప్పుడు మాత్రం టక్కున ఆగిపోతుంది. పెద్ద ఫ్యాను ఆపాక కూడా కాసేపు తీరిగ్గా తిరుగుతుంది కదా, ఆ బరువు దీనికి లేదు. అందుకని స్విచ్ తీశాక నాలుగు సెకన్లు మెల్లగా తగ్గేలా ప్రోగ్రాం రాశాను. పెట్టె మొత్తంలో నాకు బాగా నచ్చిన నాలుగు సెకన్లు ఇవి.

12వ రోజు

బంక ఆరేదాకా ఏ పనీ లేదు. ఒక మాట రాసిపెట్టుకుంటాను.

చిన్న పరికరం వేరు, పరికరానికి చిన్న రూపం వేరు. 1930ల్లో లాట్వియా రాజధాని రీగాలో వాల్టర్ జాప్ తయారుచేసిన మినాక్స్ కెమెరా అరచేతిలో ఇమిడిపోయేది, దాని ఫిల్ములో ఒక్కో బొమ్మ 8×11 మిల్లీమీటర్లు. 1982లో సీకో చేతి గడియారంలో 1.2 అంగుళాల టీవీ తెర పెట్టింది, అయితే స్టేషన్ పట్టుకునే పెట్టె విడిగా జేబులో ఉండేది. ఇవి రెండూ మన చేతి కోసం, మన జేబు కోసం తగ్గినవి. నా ఫ్యాను నా కోసం తగ్గలేదు. పదిహేను సెంటీమీటర్ల ఎత్తున్న మనిషెవరో ఉన్నట్టు, ఆ మనిషి కోసం తగ్గింది. అందుకే దాన్ని చూసేటప్పుడు మనం చేయి చాచం, ముందుకు వంగుతాం. అక్క కూడా అదే చేసింది. తను పెట్టెలోకి చూసేటప్పుడు ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది, నేను గమనించాను.

ఇలా వంగి చూడటాన్నే పనిముట్టుగా వాడుకున్న మనిషి ఒకరున్నారు. 1940ల్లో అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే ఆమె, అనుమానాస్పద మరణాలు జరిగిన గదులను పన్నెండో వంతులో కట్టింది. పోలీసులకు చూపు నేర్పడానికి. వెలిగే దీపాలు, గుండుసూదులతో అల్లిన మేజోళ్లు. నిజం గదిలో నిలబడినవాడు గదిలో ఒక భాగమైపోతాడు, ఒక మూలకు తిరిగితే ఇంకో మూల వెనకబడుతుంది. చిన్న గది ఒక్కసారిగా మొత్తం కంటికి అందుతుంది, ఆ తర్వాత నింపాదిగా ఒక్కో వస్తువు దగ్గరికి వెళ్లొచ్చు. నా గదిలో నేరమేదీ లేదు. అయినా ఆ పద్ధతి ఇక్కడా పనిచేస్తోంది.

14వ రోజు

గడియారం. అసలు పని ఇప్పుడే మొదలైంది.

టైం సంగతి సులువుగానే తేలింది. ఆడవాళ్ల చేతి గడియారంలోని చిన్న క్వార్ట్జ్ యంత్రం 21 మిల్లీమీటర్ల డయల్ వెనక సరిపోయింది. అందులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే సెకనుకు ఒకటి వస్తుంది, ముల్లు కదులుతుంది. 1656లో శాస్త్రవేత్త హైగెన్స్ లోలకాన్ని గడియారానికి కట్టింది టైం నిలకడగా నడవడానికే. నా లోలకానికి ఆ బాధ్యత లేదు. కొంచెం వెలితిగానే ఉంది, అయినా టైం తప్పు చూపే గడియారం కంటే ఇది నయం.

లోలకం వేలాడదీశాను. ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ల, రెండు మిల్లీమీటర్ల మందం, అర గ్రాము బరువు. సన్న కార్బన్ పుల్ల, లోలకం వేలాడే ఇరుసు నుంచి బిళ్ల దాకా 21 మిల్లీమీటర్లు. వేలితో తాకి వదిలాను.

వణికింది. ఊగడం కాదు, వణుకు. వీడియో తీసి, నెమ్మదిగా నడిపి లెక్కపెట్టాను, సెకనుకు మూడున్నర ఊపులు. గోడ మీది అసలు లోలకం సెకనుకు ఒక్కసారి అటు వెళ్లి ఇటు వస్తుంది.

ఇది నా పొరపాటు కాదు. లోలకం ఊపు దాని పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. పొడవు పన్నెండో వంతయితే ఊపుకు పట్టే కాలం పన్నెండో వంతు కాదు, 3.46వ వంతు. 25 సెంటీమీటర్ల లోలకానికి ఒక సెకను, 21 మిల్లీమీటర్ల దానికి 0.29 సెకను. కొండ అద్దంలో చిన్నదైనంత తేలిగ్గా గడియారం చిన్నది కాదు. నేను పొడవును తగ్గించాను, భూమి లాగే బలాన్ని ఎవరు తగ్గిస్తారు?

సినిమాల్లో చిన్న నమూనాలతో వరదలు, పేలుళ్లు తీసేవాళ్లకు ఈ 3.46 బాగా తెలిసిన అంకె. పన్నెండో వంతు నమూనాను సెకనుకు 24 ఫ్రేములకు బదులు 83 ఫ్రేములతో తీస్తారు, తెర మీద మామూలుగా నడిపితే బరువు తిరిగొస్తుంది. కాని నా పెట్టెను చూసేది కెమెరా కాదు, కన్ను.

అక్కకు వీడియో పంపాను. "గడియారంలా లేదురా, భయపడ్డ పిట్ట గుండెలా ఉంది" అంది.

15వ రోజు

ఈ వేగం ఇలాగే వదిలేయాలా అని ఒక పూటంతా ఆలోచించాను. ఆ గదిలో కాలం కూడా వేరుగా నడుస్తుందేమో కదా. 1981లో ఆల్టన్ డిలాంగ్ అనే పరిశోధకుడు సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశాడు. 1:6, 1:12, 1:24 స్కేలు గదుల ముందు మనుషుల్ని కూర్చోబెట్టి, ఆ గదిలో ఉన్నట్టు ఊహించుకోమని, అరగంట గడిచిందనిపించగానే చెప్పమన్నాడు. గది చిన్నదయ్యేకొద్దీ వాళ్లు అంత తొందరగా చెప్పారు. పెట్టెలో తల దూర్చినప్పుడు నాకూ టైం తెలియదు, అది నిజమే.

అయినా వణుకు వద్దనుకున్నాను. గడియారం గోడకున్నప్పుడు గదికి ఇచ్చేది నెమ్మది. ఆ నెమ్మది పోతే మిగిలేది చెక్కపెట్టె. వైరుకు బరువు ఇచ్చినట్టే దీనికి నెమ్మది ఇవ్వాలి.

17వ రోజు

దారి దొరికింది, మెట్రోనోమ్ దారి. సంగీతం సాధన చేసేవాళ్ల ముందు టక్ టక్‌మంటూ ఊగే ఆ పరికరంలో బరువు ఇరుసుకు కిందే కాదు, పైన కూడా ఉంటుంది. పై బరువు పడిపోవాలని చూస్తుంది, కింది బరువు నిలబెట్టాలని చూస్తుంది. ఈ పెనుగులాటలో ఊపు నెమ్మదిస్తుంది. 1815లో మేల్జెల్ పేటెంటు తీసుకున్న మెట్రోనోమ్ అంత చిన్న పెట్టెలో అంత నిదానంగా ఊగేది ఇందుకే.

నా లోలకానికి కూడా పైన ఒక బరువు పెడతాను. ఇరుసు డయల్ వెనక ఉంది కాబట్టి, ఎనిమిది మిల్లీమీటర్ల పైన ఉండే ఆ బరువు కూడా డయల్ వెనకే దాక్కుంటుంది. లెక్క ప్రకారం 1.16 గ్రాములు ఉంటే ఊపు సరిగ్గా ఒక సెకను.

లెక్క ఇంకో సంగతి కూడా చెప్పింది. పైన గ్రాములో నూరో వంతు, అంటే 0.01 గ్రాము పెరిగితే ఊపు మూడున్నర శాతం మారుతుంది. 1.31 దాటితే మొత్తం తలకిందులవుతుంది.

19వ రోజు

తలకిందులైంది. టంకం చుక్క చుక్కగా వేస్తూ ఉన్నాను. ఊపు 0.6 సెకనుకు వచ్చింది, తర్వాత 0.8. చేతికి ధైర్యం వచ్చి కాస్త పెద్ద చుక్క పెట్టాను. లోలకం మెల్లగా, చాలా మర్యాదగా పక్కకు ఒరిగి, ఇత్తడి బిళ్లను డయల్ పక్కకు ఎత్తి పట్టుకుంది.

ఆకురాయితో అరగదీస్తూ వెనక్కి వచ్చాను. ప్రతి రెండు రుద్దులకు ఒకసారి వేలాడదీసి చూడటమే. రుద్దిన వెంటనే చూడకూడదని కూడా తెలిసింది. వేలి తడి, రజను అంటుకుని లెక్క తప్పుతోంది. ఇప్పుడు మెత్తటి బ్రష్షుతో తుడిచి, ట్వీజర్‌తోనే పట్టుకుంటున్నాను.

రాత్రికి 0.97 సెకను. అయితే పది ఊపుల్లో ఆగిపోతోంది.

20వ రోజు

ఆగిపోవడానికి కారణం ఇరుసు. రెండు బరువులూ ఒకదాన్నొకటి దాదాపు సరిపెట్టేశాక లోలకాన్ని మధ్యకు లాగే బలం చాలా కొద్దిగా మిగులుతుంది, ఆ కొద్దిని ఒరిపిడి తినేస్తోంది. మొదట పల్చటి ప్లాస్టిక్ పట్టీతో వేలాడదీశాను, పెద్ద గడియారాల్లో స్ప్రింగు రేకు ఉంటుంది కదా, అలా. ఈ సైజులో ఆ పట్టీయే స్ప్రింగై లోలకాన్ని వెనక్కి తోస్తోంది. తీసేశాను.

కుట్టు సూదిని అడ్డంగా పెట్టి, రెండు కొసలనూ రెండు గాజు పూసల రంధ్రాల అంచు మీద ఆనించాను. సూది కొస గాజు మీద దొర్లుతుంది, రాసుకోదు. నలభై ఊపులు వచ్చాయి. భూతద్దం పెట్టి పూస లోపల చూస్తే ఒక నూగు పోగు. తీసేశాక అరవై రెండు.

23వ రోజు

ఊగుతూనే ఉండాలంటే ఎవరో ఒకరు తొయ్యాలి. బిళ్ల వెనక రెండు మిల్లీమీటర్ల అయస్కాంతం, పెట్టె వెనక గోడలో తీగచుట్ట, ఎనిమిది వందల చుట్లు. ఏటీటైనీ 85 అనే, ప్రోగ్రాం ఎక్కించిన చిన్న చిప్పు సెకనుకోసారి చుట్టకు చిన్న దెబ్బలా కరెంటు ఇస్తుంది. అయస్కాంతం బరువు కలుపుకోవడం మరిచిపోయాను, 0.024 గ్రాములు. మళ్లీ పైన టంకం, మళ్లీ ఆకురాయి.

ఇంకో సమస్య. లోలకం మధ్యలో ఆగకుండా కొంచెం ఎడమకు ఒరిగి నిలబడుతోంది. పెట్టె వంకర ఉందేమోనని ఒక పూట వెతికాను. తప్పు మొదటి రోజు అంత ముచ్చటపడిన ఆ పెద్ద తల మేకుది. అది ఉక్కు, అయస్కాంతాన్ని లాగుతోంది. ఇత్తడితో మళ్లీ చేసి రంగు వేశాను. తల పెద్దదే.

25వ రోజు

లోలకం కాసేపు బాగా ఊగుతుంది, మెల్లగా తగ్గుతుంది, ఆగినంత పనవుతుంది, మళ్లీ కొంచెం పెరుగుతుంది, చివరికి నీరసంగా మిగులుతుంది. చిప్పు లెక్క ఒక సెకను, లోలకం లెక్క 0.98. రెండూ కలిసినప్పుడు తోపు సాయమవుతుంది, విడిపోయినప్పుడు అదే తోపు అడ్డమవుతుంది.

ఊయల ఊపేటప్పుడు మనం గడియారం చూసి తొయ్యం. ఊయల వెనక్కి వచ్చినప్పుడు తోస్తాం. చిప్పు కూడా అలాగే చేయాలి. అయస్కాంతం చుట్ట ముందు నుంచి వెళ్లినప్పుడు చుట్టలో తనంతట తనే చిన్న వోల్టేజీ పుడుతుంది, మహా అయితే ఒకటి రెండు మిల్లీవోల్టులు. ఈ చిప్పులోనే దాన్ని ఇరవై రెట్లు పెంచి కొలిచే ఏర్పాటుంది. ఒకే చుట్ట, మొదట వింటుంది, తర్వాత తోస్తుంది.

మొదటి ప్రోగ్రాం పక్కనున్న ఫ్యాను మోటారు రొదను కూడా లోలకమే అనుకుంది. ఫ్యాను వేస్తే లోలకం పిచ్చిగా కొట్టుకుంది. ఒకసారి తోశాక 0.8 సెకను దాకా చెవులు మూసుకోమని రాశాను, ఫ్యాను వైర్లను దూరం జరిపాను.

27వ రోజు

పన్నెండు గంటలు ఆగకుండా ఊగింది. పొద్దున లేచి మొదట దాన్నే చూశాను.

శబ్దం లేదు. నిజం గడియారం టక్కుమంటుంది. చిన్న స్పీకరు పెట్టి ఆ శబ్దం వినిపించాలన్న ఆలోచన వచ్చింది, ఫోనులో రికార్డు చేసి పెట్టి చూశాను కూడా. నచ్చలేదు. శబ్దం పెద్ద గడియారానిదే, చిన్నదాని లోంచి రావట్లేదు, దాని వెనక నుంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. తీసేశాను. ఇంతకుముందు వైరుకు, ఫ్యానుకు, లోలకానికి లేనిది తెచ్చి ఇచ్చాను కదా, దీనికెందుకు వద్దంటున్నానో ఆలోచించాను. ఆ మూడింటిలో కదిలేది ఆ వస్తువే. వైరులో వంపు రాగిదే, నెమ్మది ఆ టంకం ముద్దదే. స్పీకరులో మాత్రం గడియారానిదంటూ ఏమీ లేదు.

కుళాయి ఎందుకు పెట్టలేదని అక్క అడిగింది. నీళ్ల చుక్క తగ్గదు. కుళాయి కొసన వేలాడే చుక్క నాలుగైదు మిల్లీమీటర్లుంటుంది, చిన్న కుళాయికైనా దాదాపు అంతే. ఆ గదిలో అది బత్తాయి కాయంత. నీళ్ల జోలికి నేను వెళ్లను.

31వ రోజు

పెట్టె ముందు గాజు బిగించాను. దుమ్ము పడకూడదు, ఒక్క నలక ఆ బల్ల మీద చీమంత కనిపిస్తుంది. పెట్టెను అసలు బల్ల మీద, అసలు గడియారానికి ఎదురుగా పెట్టాను.

రాత్రి అక్క వచ్చింది. గదిలో లైట్లన్నీ తీసేసి చిన్న లైటు ఒక్కటే వేశాం. వెలుగు బల్ల మీద గుండ్రంగా పడి, వైరు మెలిక నీడ నేల మీద కనిపించింది. ఫ్యాను వేసి ఆపింది, నాలుగు సెకన్లూ చూసింది. తర్వాత గడియారం దగ్గర ఆగిపోయింది.

"రెండూ కలిసే ఊగుతున్నాయిరా."

వెనక్కి తిరిగి చూశాను. గోడ మీది లోలకం, పెట్టెలోది, రెండూ ఒకేసారి కుడికి వెళ్లి ఒకేసారి వచ్చాయి. కాసేపటికి చిన్నది కొంచెం ముందుంది. ఇంకాసేపటికి ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. చిన్నదానిది 0.98 సెకను, పెద్దదానిది ఒకటి. దాదాపు యాభై సెకన్లకోసారి మళ్లీ కలుస్తాయి. అక్క కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చుంది. ఒకసారి కలిసి విడిపోయేదాకా చూసింది, రెండోసారి కూడా.

పైన ఇంకో 0.006 గ్రాముల టంకం వేస్తే రెండూ ఎప్పుడూ కలిసే ఊగుతాయి. లోలకం పుల్ల తీసి బల్ల మీద పెట్టాను, మళ్లీ లోపల పెట్టేశాను. రేపు బల్ల సొరుగు మొదలుపెట్టాలి.